డ్యామ్ కన్న చేపలు

అరిజోనా చూడ్డానికి వచ్చిన తెలుగువాళ్ళలో హార్స్‌షూ బెండ్ దగ్గర ఫోటో దిగనివాళ్ళు బహుశా ఉండరు. పొద్దున ఆంటిలోప్ కాన్యన్, సాయంత్రం హార్స్‌షూ బెండ్, రాత్రికి పేజ్ ఊళ్ళో హోటల్. చుట్టాలు ఎవరొచ్చినా మాకు ఇదే ప్రోగ్రామ్. కొండ అంచున నిలబడి, వెయ్యి అడుగుల కింద గుర్రపు నాడాలా మెలికతిరిగిన కొలరాడో నదిని చూసి, "నీళ్ళు ఎంత పచ్చగా ఉన్నాయో" అంటారు అందరూ. కాస్త పరీక్షగా చూస్తే ఆ పచ్చటి నీళ్ళమీద చిన్న చిన్న పడవలు కనిపిస్తాయి. కొన్నిట్లో టూరిస్టులుంటారు. మిగతావాటిలో నాలాంటివాళ్ళు, ట్రౌట్ కోసం గాలం వేసుకుంటూ.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆ పచ్చదనమూ, అందులో ఈదే ట్రౌట్ చేపలూ రెండూ ఎగువనున్న డ్యామ్ పుట్టించినవే. ఆ చేపలంటే నాకు ప్రాణం. అయినా ఈ నదిని వాటికోసం నడపాలని అడిగే హక్కు ఫ్లై ఫిషింగ్ చేసే, అంటే ఈకలతో చుట్టిన ఉత్తుత్తి ఎరతో గాలం వేసే, మా వాళ్ళకి లేదు. అంతకన్నా ముఖ్యంగా, చేపని పట్టి వదిలేశాం కాబట్టి మేం ప్రకృతి ప్రేమికులం అన్న మా గర్వం ఈ నది దగ్గర అస్సలు చెల్లదు.

ముందు ఆ నీళ్ళ సంగతి. డ్యామ్ లేని రోజుల్లో ఈ నది పేరుకు తగ్గట్టు (కొలరాడో అంటే స్పానిష్‌లో ఎర్రటిది) ఎర్రగా, చిక్కగా, మట్టితో పారేది. చలికాలంలో గడ్డకట్టేంత చల్లగా, వేసవిలో 27 డిగ్రీల దాకా వెచ్చగా ఉండేది. మంచు కరిగే మే, జూన్ నెలల్లో పెద్ద వరద, మిగతా ఏడాది సన్నటి పాయ. 1963 మార్చిలో గ్లెన్ కాన్యన్ డ్యామ్ వెనక నీళ్ళు నిలపడం మొదలుపెట్టాక ఆ మట్టంతా డ్యామ్ వెనక ఏర్పడ్డ లేక్ పావెల్ అనే సరస్సు అడుగున పేరుకుంటూ వచ్చింది. కిందకి వచ్చేవి వడగట్టిన నీళ్ళు. పైగా 710 అడుగుల ఆ డ్యామ్‌లో టర్బైన్లకి నీళ్ళు లాగే తూములు చాలా లోతున ఉంటాయి. సరస్సు నిండుగా ఉంటే పైమట్టానికి రెండు వందల అడుగులకి పైగా కింద. అక్కడికి ఎండ వేడి చేరదు. అందుకే బయట రాయి పగిలే ఎండ కాస్తున్నా, దశాబ్దాల పాటు కింద నదిలో నీళ్ళు ఎనిమిది, పది డిగ్రీల దగ్గరే ఉండిపోయాయి. జూన్ నెలలో ఎడారి మధ్యలో నడుము లోతు నీళ్ళలో నిలబడి, తల మాడుతూ కాళ్ళు కొంకర్లు పోవడం అంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది.

చల్లటి నీళ్ళు, పారదర్శకమైన నీళ్ళు, ఏడాది పొడుగునా ఒకే తీరు. ట్రౌట్‌కి అంతకన్నా ఏం కావాలి? 1964లో రెయిన్‌బో ట్రౌట్‌ని తెచ్చి వదిలారు. రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదుల చేప, ఈ కాన్యన్ దాని ఊరు కాదు. వాటికి తిండి కావాలని గామరస్ అనే చిట్టి రొయ్యల్లాంటి జీవుల్ని కూడా ఆ దశకంలోనే తెచ్చి వేశారు. అడుగున రాళ్ళమీద ఎండ తగిలి నాచు పెరిగింది, నాచులో రొయ్యలు పెరిగాయి, రొయ్యల్ని తిని చేపలు పెరిగాయి. 1970ల్లో ఇక్కడ పది పౌన్లు దాటిన ట్రౌట్‌లు దొరికేవి. అప్పటి ఫోటోలు చూస్తే ఇప్పటికీ అసూయ పుడుతుంది. 1990ల చివరికొచ్చేసరికి చేపలు నదిలోనే గుడ్లు పెట్టి సంతానం పెంచుకుంటున్నాయని, పెంపకం చేపల్ని వదలడం ఆపేశారు. ఈమధ్య దిగువన లీస్ ఫెర్రీ అనే రేవు దగ్గర, నడిచి చేరగలిగే భాగంలో కొన్నిటిని మళ్ళీ వదిలారు గానీ, పైన కాన్యన్‌లో మా గాలానికి తగిలేవి ఆ రాళ్ళమధ్యే పుట్టి పెరిగినవి. చెరువు చేపలా మెత్తగా ఉండవు. గాలం తగిలిన మరుక్షణం ఒళ్ళంతా కండరంలా నదికి అడ్డంగా పరిగెడతాయి.

ఆ కాన్యన్‌కి దారి లీస్ ఫెర్రీ. డ్యామ్‌కి పదిహేను మైళ్ళ దిగువన ఉంటుంది. వందల మైళ్ళ పొడుగునా నిట్టనిలువు గోడల మధ్య పారే ఈ నదిలో, కారు నీటి అంచు దాకా వెళ్ళగలిగే చోటు దాదాపు ఇదొక్కటే. అందుకే 1870ల్లో జాన్ లీ అనే మోర్మన్ మతస్థుడు ఇక్కడ బల్లకట్టు నడిపాడు. ఒక మారణకాండలో పాత్రకి అతన్ని 1877లో కాల్చి చంపారు, పేరు మాత్రం మిగిలిపోయింది. 1929లో నవాహో బ్రిడ్జి వచ్చాక బల్లకట్టు అవసరం తీరిపోయింది. ఫీనిక్స్ నుంచి నాకు అయిదు గంటల డ్రైవ్. ఫ్లాగ్‌స్టాఫ్ దాటాక పైన్ చెట్లు అయిపోతాయి, ఆ తర్వాత నవాహో తెగవాళ్ళ నేల, తర్వాత వెర్మిలియన్ క్లిఫ్స్ ఎర్రగోడ. ఫోన్ సిగ్నల్ గురించి మర్చిపోవచ్చు. నాకు అది ఇబ్బందిగా ఎప్పుడూ అనిపించలేదు, మా ఆవిడకి టెన్షన్.

ఫెర్రీ నుంచి పైకి, అంటే డ్యామ్ వైపుకి, మోటారు పడవలో వెళ్ళి కంకర మేటల దగ్గర దిగి గాలం వేస్తాం. ఫ్లై ఫిషింగ్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మామూలు గాలంలో సీసపు బరువు గాలాన్ని దూరంగా విసురుతుంది. ఇందులో ఎరకి బరువే ఉండదు కాబట్టి, దారమే బరువుగా ఉంటుంది. తొమ్మిదడుగుల కడ్డీని వెనక్కీ ముందుకీ ఊపితే ఆ దారం గాల్లో విప్పుకుని ఎరని తీసుకెళ్తుంది. ఎర అంటే నిజం పురుగు కాదు, కొక్కేనికి దారం, తీగ, ఈకలు చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. లీస్ ఫెర్రీలో అందరి పెట్టెల్లోనూ ఉండేది జీబ్రా మిడ్జ్. నల్లదారం, దానిమీద సన్నటి వెండి తీగ చారలు, తల దగ్గర చిన్న పూస. అంతా కలిపి బియ్యపు గింజంత. ఇది పుట్టింది కూడా ఇక్కడే అని ఇక్కడివాళ్ళ గర్వం. దానికి పైన గామరస్‌ని పోలిన ఇంకో ఎర, ఆ పైన బెండు. బెండు నీటి వేగానికి తేలుతూ పోవాలి, దారం దాన్ని లాగకూడదు. లాగిందా, ఇక చేప ఆ ఎర వైపు చూడదు. ఎందుకంటే నిజం పురుగు ప్రవాహానికి అడ్డంగా పోదు కదా. దారాన్ని మాటిమాటికీ ఎత్తి పైకి తిప్పి వేస్తూ ఉండాలి. మాట్లాడుతూ చేసే పని కాదు.

దివిసీమ కాలవల మీద చిన్నాన్నతో ఎర్రలు గుచ్చి, జీలుగు బెండు కట్టి, వెదురు గాలం వేసిన చేతులు ఇవి. చెప్పొద్దూ, మొదట్లో ఈ తతంగమంతా చూసి నవ్వొచ్చింది. ఇక్కడ ఎర్రలు వాడటానికి వీల్లేదు. డ్యామ్ నుంచి, ఫెర్రీ కింద పారియా వాగు కలిసే దాకా కృత్రిమ ఎరలే వాడాలి, కొక్కేనికి వెనకముల్లు ఉండకూడదు. వెనకముల్లు లేని కొక్కెం అంటే, దారం ఒక్క క్షణం వదులైతే చేప జారిపోయినట్టే. చిన్నాన్నకి ఫోన్లో చెబితే, "మరి ఆ చేపకి తాంబూలం కూడా ఇచ్చి పంపుతారా?" అన్నాడు.

ఈ నదికి ఇంకో విచిత్రం ఉంది. ఇక్కడ నీటిమట్టం వానలతో మారదు, కరెంటు వాడకంతో మారుతుంది. ఎండ ముదిరి జనం ఏసీలు పెంచితే డ్యామ్ టర్బైన్లకి నీళ్ళు ఎక్కువ వదులుతారు. ఆ నీళ్ళు కొన్ని గంటలకి మా దాకా వస్తాయి. అర్ధరాత్రి వాడకం తగ్గితే నీళ్ళూ తగ్గుతాయి. ఒకప్పుడు ఇది మరీ ఘోరంగా ఉండేది. సెకనుకి మూడు వేల ఘనపుటడుగుల లోపు నుంచి ముప్పై వేల దాకా ఒకే రోజులో ఎక్కి దిగేదట. 1992లో గ్రాండ్ కాన్యన్ రక్షణ చట్టం చేశాక, 1996 నుంచి పగ్గాలు వేశారు. రాత్రి అయిదు వేలకి, పగలు ఎనిమిది వేలకి తగ్గకూడదు, మామూలు రోజుల్లో పాతిక వేలకి మించకూడదు, ఒక్క రోజులో ఇంతకన్నా ఎక్కువ తేడా ఉండకూడదు అని. అయినా కంకర మేటమీద నిలబడినవాడు గంటకోసారి ఒడ్డు వైపు చూసుకోవాల్సిందే. నీళ్ళు మోకాలి దగ్గర్నుంచి తొడల దాకా ఎప్పుడొచ్చాయో తెలీదు.

ఈ రోజువారీ ఆటుపోట్ల వల్ల అన్నిటికన్నా నష్టపోయేవి పురుగులు. మిడ్జ్‌లు, కాడిస్‌లు లాంటి నీటిపురుగులు సాయంత్రాలు ఒడ్డు అంచున, నీటి గీత దగ్గర గుడ్లు పెడతాయి. కొన్ని గంటల్లో నీళ్ళు దిగిపోతే గుడ్లు రాళ్ళమీదే ఎండిపోతాయి. ఈ కాన్యన్‌లో మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలు దాదాపు లేకపోవడానికి ఇదొక పెద్ద కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ లెక్క తేలిన తీరు నాకు చాలా ఇష్టం. గ్రాండ్ కాన్యన్‌లో తెప్పలు నడిపే గైడ్లు, టూరిస్టులు ప్రతి రాత్రీ మకాం దగ్గర ఒక చిన్న దీపం వెలిగించి, దానికి వచ్చిన పురుగుల్ని సీసాలో పట్టి శాస్త్రవేత్తలకి ఇచ్చారు. ఏళ్ళ తరబడి పోగైన ఆ సీసాల్లో, గుడ్లు పెట్టే సాయంత్రం వేళకి నీటిమట్టం ఎలా ఉంటే ఏ చోట పురుగులెన్ని ఉంటాయో కనిపించింది. దాంతో 2018 వేసవిలో ఒక ప్రయోగం చేశారు. వారాంతాల్లో కరెంటు గిరాకీ ఎలాగూ తక్కువే కాబట్టి, శని, ఆదివారాలు నీటిని తక్కువ మట్టంలో కదలకుండా ఉంచారు. అప్పుడు పెట్టిన గుడ్లు వారమంతా నీళ్ళలోనే ఉంటాయి. కాడిస్‌లు కంటికి కనిపించేంతగా పెరిగాయి. ట్రౌట్‌కీ తిండి, కిందనున్న సొంత చేపలకీ తిండి, గబ్బిలాలకీ తిండి. పెద్ద ఖర్చు లేకుండా అందరికీ మేలు చేసిన ఆ రెండు రోజుల నియమాన్ని ఏటా ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

"కిందనున్న సొంత చేపలు" అన్నాను. అసలు సమస్య అక్కడుంది.

లీస్ ఫెర్రీకి అరవై మైళ్ళ దిగువన లిటిల్ కొలరాడో అనే ఉపనది కలుస్తుంది. అక్కడ హంప్‌బ్యాక్ చబ్ అనే చేప ఉంది. తల వెనక గూని, చిన్న కళ్ళు, సన్నటి తోక. అందంలో ట్రౌట్ కాలిగోటికి చాలదు. కానీ ఎర్రటి బురద వరదల్లో ఈదడానికి లక్షల ఏళ్ళుగా తీర్చిన ఒళ్ళు అది. ముప్పై ఏళ్ళకి పైగా బతుకుతుంది. గుడ్లు పెట్టాలంటే వెచ్చటి నీళ్ళు కావాలి. డ్యామ్ నీళ్ళు చల్లబడ్డాక అసలు నదిలో అది కుదరక, వెచ్చటి లిటిల్ కొలరాడోలోకి చేరి ప్రాణం నిలుపుకుంది. గ్రాండ్ కాన్యన్‌కి సొంతమైన ఎనిమిది రకాల చేపల్లో కొన్ని ఇక్కడ ఆనవాళ్ళు లేకుండా పోయాయి. ఆరడుగుల దాకా పెరిగే పైక్‌మినో కూడా అందులో ఒకటి. చబ్‌ని 1967లోనే అంతరించిపోయే జాబితాలో చేర్చారు, 2021లో ఒక మెట్టు దించి "ప్రమాదంలో ఉన్నవి" అనే వరసలో పెట్టారు. మెరుగుపడిందన్నమాట, గట్టెక్కిందని కాదు.

ట్రౌట్ ఏం చేస్తుంది? పైన సంఖ్య పెరిగితే కిందకి జారుతుంది. కింద చబ్ పిల్లల్ని తింటుంది, వాటి తిండికి పోటీ వస్తుంది. 2008 మార్చిలో ఇసుక ఒడ్డులు మళ్ళీ కట్టడానికని డ్యామ్ నుంచి ఒక కృత్రిమ వరద వదిలారు. ఇసుక సంగతి ఎలా ఉన్నా, ఆ వరద కంకరని కడిగి ట్రౌట్ పిల్లలకి పూలపాన్పు వేసినట్టయింది. పిల్లలు విపరీతంగా బతికాయి. మాకు పండగ. దిగువన చబ్‌ని కాపాడేవాళ్ళకి తలనొప్పి.

అంతకు ముందే, 2003 నుంచి 2006 దాకా, ఆ సంగమం దగ్గర ట్రౌట్‌ని తీసేయడానికి పెద్ద కార్యక్రమం నడిచింది. రాత్రుళ్ళు పడవల్లో వెళ్ళి నీటిలోకి కరెంటు పంపి, మత్తెక్కిన చేపల్ని వలతో ఏరి, చంపేసేవారు. దాదాపు 19 వేల రెయిన్‌బో ట్రౌట్‌ని అలా తీశారు. మా ఫ్లై ఫిషింగ్ ప్రపంచంలో ఇప్పటికీ ఆ మాట ఎత్తితే కొందరు మండిపడతారు. తమాషా ఏమిటంటే, అవే ఏళ్ళలో కరవు వల్ల సరస్సు దిగి, నీళ్ళు కాస్త వెచ్చబడ్డాయి. చబ్ పెరిగింది. ట్రౌట్‌ని చంపినందుకా, నీళ్ళు వెచ్చబడ్డందుకా అన్నది విడదీసి చెప్పడం కష్టమైంది.

ఆ చంపడాన్ని గట్టిగా ఎదిరించింది మేం కాదు, జూనీ తెగ ప్రజలు. గ్రాండ్ కాన్యన్ వాళ్ళకి తమ పూర్వీకులు భూమిలోంచి పైకి వచ్చిన చోటు. నది దాటుతూ నీళ్ళలో పడిన తమ పిల్లలే నీటి ప్రాణులయ్యారని వాళ్ళ కథ. అంటే ఆ చేపలు వాళ్ళకి చుట్టాలు. సొంత చేపా, తెచ్చిపెట్టిన చేపా అన్న తేడా వాళ్ళు చూడలేదు. ఏ అవసరానికీ కాకుండా అన్ని ప్రాణాలు తీయడం, అదీ పవిత్రమైన చోట, తప్పని చెప్పారు. ప్రభుత్వం ఆ మాట వినక తప్పలేదు. ఆ తర్వాతి ప్రణాళికల్లో చేపల్ని ప్రాణాలతో తరలించడం, తీసినవి తిండికి ఉపయోగపడేలా చూడటం చర్చలోకి వచ్చాయి.

ఆ వాదనని నేను మొదటిసారి చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. నేను ట్రౌట్ ఫోటో పంపితే అమ్మ అడిగేది ఒకటే: "వండావా?" వదిలేశానంటే, "తిననప్పుడు దాని నోట్లో ముల్లు గుచ్చడం ఎందుకురా? పాపం కాదూ?" అంటుంది. దీనికి ఫ్లై ఫిషింగ్ వాళ్ళ దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: వదిలితే చేప బతుకుతుంది, నది నిండుగా ఉంటుంది, రేపు ఇంకొకరు పట్టుకుంటారు. చల్లటి నీళ్ళలో, వెనకముల్లు లేని కొక్కెంతో, చేతులు తడుపుకుని, నీళ్ళలోంచి పైకెత్తకుండా వదిలితే చాలావరకు బతుకుతాయి, నిజమే. ఎన్నో నదులకి ఆ నియమం మేలు చేసింది. కానీ అమ్మ అడిగింది చేపల సంఖ్య గురించి కాదు. నీ సరదా కోసం ఒక ప్రాణిని పరుగులు పెట్టించావు కదా అని. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. "సరదాగా ఉంటుందమ్మా" అన్నదే నిజమైన జవాబు. ఆ సరదాని పుణ్యంలా చెప్పుకోవడమే నాకు నచ్చనిది.

పైగా ఈ నదిలో వదలడం వల్ల ఎప్పుడూ మేలే జరుగుతుందనీ లేదు. ఉదాహరణకి బ్రౌన్ ట్రౌట్. ఇది యూరప్ చేప, రెయిన్‌బో కన్నా ఎక్కువగా చేపల్ని తింటుంది. ఒకప్పుడు లీస్ ఫెర్రీలో అరుదు. 2010ల మధ్య నుంచి బాగా పెరగడం మొదలైంది. ఇది చబ్ ఉన్న చోటికి దిగితే రెయిన్‌బో కన్నా పెద్ద ప్రమాదం. కరెంటు పడవల గొడవ మళ్ళీ వద్దనుకుని, 2020 నవంబర్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ వేరే పద్ధతి పట్టింది. బ్రౌన్ ట్రౌట్‌ని పట్టి తీసుకెళ్ళిన జాలరికి మొదట్లో చేపకి 25 డాలర్లు ఇచ్చారు. తలా, పేగులూ వాళ్ళకిచ్చేసి మాంసం మనం తీసుకెళ్ళచ్చు. చేప తలకాయ పులుసు అంటే పడిచచ్చే మనవాళ్ళకి ఆ షరతు కాస్త కష్టమే, అయినా బేరం మంచిదే.

చేపని చంపి వండుకుని తినడం నదికి మేలు చేసే సందర్భం ఇంత స్పష్టంగా ఇంకెక్కడైనా ఉంటుందా? ఆ ప్రాణం వృథా పోలేదు, తిండి అయింది, డబ్బూ వచ్చింది. అమ్మకీ అభ్యంతరం లేదు. అయినా నాతో పడవలో వచ్చే ఒకాయన, నాకన్నా ఎంతో బాగా దారం వేసే మనిషి, బ్రౌన్ పడితే ముద్దు పెట్టుకుని మరీ వదులుతాడు. "ఇంత అందమైన చేపని చంపడానికి చేతులెలా వస్తాయి?" అంటాడు. పసుపు ఒంటిమీద ఎర్రచుక్కలు, నిజంగా అందమే. నా అభ్యంతరం ఏమిటంటే, గూని చబ్ అంత అందంగా ఉండి ఉంటే ఈ వాదనే వచ్చేది కాదు. కంటికి నచ్చినదాన్ని కాపాడటం, నచ్చనిదాన్ని మర్చిపోవడం అందరం చేసే పనే. అదే పర్యావరణ స్పృహ అని బోర్డు కట్టుకోవడం మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది. నేను బ్రౌన్ ట్రౌట్‌ని ఇంటికి తెస్తాను. ముల్లు తక్కువ, ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పెనంమీద వేయిస్తే బాగుంటుంది. పులుసుకి ఈ చేప నిలవదు, విడిపోతుంది.

నదికి అడ్డం కడితే ఏ చేప బతుకుతుంది, ఏది పోతుంది అన్న సంగతి గోదావరి జిల్లాలవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. సముద్రంలోంచి వరద నీటికి ఎదురీదుతూ వచ్చే పులస ఇప్పటికీ ఆ ఆనకట్ట దాకానే వస్తుంది. అంతకు ముందు ఇంకా పైకి పోయేది. పుస్తెలమ్మి తినాల్సిన చేప అని చెప్పుకునేవాళ్ళం, పైకి పోయే దాని దారి ఏమైందని ఎవరం అడగలేదు. ఎందుకంటే ఆ ఆనకట్ట మనకి అన్నం పెట్టింది. గ్లెన్ కాన్యన్ డ్యామ్ మాకు కరెంటిచ్చింది, ట్రౌట్‌ని ఇచ్చింది. చబ్ గురించి అడిగే ఓపిక అందుకే మాకు ఆలస్యంగా వచ్చింది.

ఇదంతా ఒక పక్క ఉండగా, 2022లో ఇంకో ముప్పు వచ్చింది. దాంతో ట్రౌట్, చబ్ అనూహ్యంగా ఒకే పక్షం అయ్యాయి. ఏళ్ళ తరబడి కరవుతో లేక్ పావెల్ బాగా దిగింది. 2023 ఫిబ్రవరికి సరస్సు మట్టం సముద్రమట్టానికి సుమారు 3,520 అడుగులు. 3,490 దగ్గర టర్బైన్లు ఆపేయాలి. సరస్సు దిగితే తూములు పైమట్టానికి దగ్గరవుతాయి, పైన నీళ్ళు ఎండకి కాగి ఉంటాయి, పైన ఉండే చేపలు కూడా తూముల్లోకి వస్తాయి. అలా వెచ్చటి నీళ్ళతో పాటు స్మాల్‌మౌత్ బాస్ అనే చేప టర్బైన్లు దాటి బతికి కిందకి వచ్చేసింది. డ్యామ్‌కి కాస్త దిగువన ఒక మడుగులో దాని పిల్లలు 2022 వేసవిలో కనిపించాయి. బాస్ కూడా ఆటకి పట్టే చేపే, సరస్సులో దానికోసం పోటీలు పెడతారు. కానీ ఇది చబ్‌కి యముడు. పై నదుల్లో సొంత చేపల్ని అది ఏం చేసిందో అక్కడి జీవశాస్త్రవేత్తలు కళ్ళారా చూశారు. ట్రౌట్‌కి కూడా ఆ వెచ్చటి నీళ్ళు పనికిరావు. ఆ ఏడాది నీళ్ళు దాదాపు ఇరవై డిగ్రీల దాకా వెళ్ళాయి. అంత వెచ్చటి నీళ్ళలో పట్టి వదిలిన ట్రౌట్ తేరుకోవడం కష్టం. అలాంటి రోజుల్లో గాలం సర్దుకుని ఇంటికి పోవడమే మర్యాద.

2024లో దీనికి ఒక ఉపాయం చేశారు. టర్బైన్ల తూములకన్నా కింద, ఇంకా లోతులో వేరే గొట్టాలున్నాయి. వాటిలోంచి చల్లటి నీళ్ళు వదిలి, టర్బైన్ల నీళ్ళతో కలిపి, బాస్ గుడ్లు పెట్టలేనంత చల్లగా నదిని ఉంచారు. జులై నుంచి నవంబర్ దాకా. అది పనిచేసింది. కానీ ఆ గొట్టాల మీద టర్బైన్లు లేవు, కాబట్టి అలా వదిలిన ప్రతి బొట్టూ కరెంటు ఇవ్వకుండా పోయిన నీరే. ఆ కరెంటు కొనుక్కునే పల్లె విద్యుత్ సంఘాలు, గిరిజన తెగలు, చిన్న ఊళ్ళు దానికి బదులు బజార్లో ఎక్కువ ధరకి కొనుక్కోవాలి. వాళ్ళు ఒప్పుకోకపోవడం నాకు అర్థమవుతుంది. వేసవిలో రాత్రింబవళ్ళు ఏసీ వేసుకుని కూర్చునే నేను వాళ్ళని తప్పుపట్టలేను. అయినా నా ఓటు చల్లటి నీళ్ళకే. సొంత చేపలున్న నదిలోకి బాస్ కుటుంబం దిగాక, దాన్ని తీసేయగలిగిన చోటు నేను ఎక్కడా వినలేదు. కరెంటు లోటు డబ్బుతో పూడుతుంది, దాన్ని బిల్లుల్లో పంచుకోవచ్చు. నా బిల్లులో కలిపినా సరే.

ట్రౌట్‌కి మేలని నేను ఇలా అంటున్నానా? కొంత అదీ ఉంది, దాచుకోను. అందుకే నా పరీక్ష ఇంకోలా ఉంటుంది: రేపు చబ్‌కి మంచిదీ ట్రౌట్‌కి చెడ్డదీ అయిన నిర్ణయం వస్తే ఏ పక్కన ఉంటావు? శరదృతువులో వదిలే కృత్రిమ వరదలు బ్రౌన్ ట్రౌట్‌కి లాభిస్తున్నాయేమో అన్న చర్చ నడుస్తోంది. వేసవిలో నదిని అప్పుడప్పుడు వెచ్చబడనిస్తే చబ్ అసలు నదిలోనే పెరుగుతుంది, పశ్చిమ గ్రాండ్ కాన్యన్‌లో ఇప్పటికే అలా పెరుగుతోంది కూడా. అలాంటి నిర్ణయాలొస్తే మా ఫిషింగ్ దెబ్బతింటుంది. పడవలు నడిపే గైడ్లు, మార్బుల్ కాన్యన్ దగ్గర చిన్న చిన్న లాడ్జిలవాళ్ళు నష్టపోతారు. వాళ్ళ బతుకుతెరువు గురించి మాట్లాడాల్సిందే, నష్టపరిహారం గురించి కూడా. నా సెలవుదినాల గురించి మాత్రం మాట్లాడక్కర్లేదు. చల్లటి నీళ్ళూ, ట్రౌట్‌లూ ఇంకా ఎన్నో కొండల్లో ఉన్నాయి. చబ్‌కి ఉన్న ఇళ్ళు కొలరాడో పరివాహకంలో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

కృష్ణా ట్రిబ్యునళ్ళ వార్తలు చదువుతూ పెరిగినవాడికి ఈ నది రాజకీయం కొత్తగా అనిపించదు. 1922 నాటి ఒప్పందం ఈ నదిని ఎగువ రాష్ట్రాలు, దిగువ రాష్ట్రాలు అని రెండుగా చీల్చింది. ఆ గీత గీసింది లీస్ ఫెర్రీ దగ్గరే. నేను నిలబడి గాలం వేసే నీళ్ళు లెక్కప్రకారం అప్పుడే దిగువ రాష్ట్రాల ఖాతాలో పడబోతున్న నీళ్ళు. 2007లో రాసుకున్న పంపకాల మార్గదర్శకాల గడువు 2026తో ముగుస్తుంది, ఏడు రాష్ట్రాలూ కొట్లాడుకుంటున్నాయి. ఎన్ని టీఎంసీలు అన్నట్టు వాళ్ళకి ఎన్ని ఎకరా అడుగులు అన్నదే లెక్క. సరస్సు ఏ మట్టంలో ఉండాలి అన్నది తేలితే, కింద నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయన్నదీ, బాస్ కిందకి వస్తుందా రాదా అన్నదీ దానంతటదే తేలిపోతుంది. అంటే చేపల బతుకు ఆ బల్ల దగ్గరే నిర్ణయమవుతుంది. ఫ్లై ఫిషింగ్ సంఘాలు తమ శక్తినంతా రోజుకి ఒక్కొక్కరు ఉంచుకోగల ట్రౌట్‌లు రెండా నాలుగా అన్న దానిమీద పెట్టే బదులు ఆ బల్ల దగ్గర సరస్సు మట్టం గురించి, వారాంతపు నీళ్ళ గురించి మాట్లాడితే బాగుంటుందని నా గొడవ.

ఇంతా చదివి ఎవరికైనా వెళ్ళాలనిపిస్తే: అరిజోనా ఫిషింగ్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. పడవ లేకపోయినా ఫెర్రీ దగ్గర నడిచి దిగే భాగంలో వేయచ్చు, కానీ పారియా వాగులో పైన ఎక్కడ వాన పడ్డా కింద నీళ్ళు కాఫీ రంగులోకి మారిపోతాయి. డ్యామ్ నుంచి ఏ గంటకి ఎంత నీళ్ళు వదులుతారో ముందురోజే చూసుకోండి. లైఫ్ జాకెట్ విప్పొద్దు. ఎండాకాలం మజిల్స్ పట్టేసేంత చల్లటి నీళ్ళవి, ఈత వచ్చినా లాభం లేదు. కూలర్‌లో అయిస్ పెట్టుకెళ్ళండి. రెయిన్‌బో పడితే మీ ఇష్టం, రూల్స్ చూసుకుని ఉంచుకోండి లేదా వదలండి. బ్రౌన్ పడితే మాత్రం వదలొద్దు. పార్క్ వాళ్ళ పథకం ఆ సీజన్‌లో నడుస్తోందో లేదో ఫెర్రీ దగ్గర అడిగితే చెబుతారు.